త్రిమితీయ గ్రాఫిక్స్‌లో తెలుగు లేబుళ్ళు

త్రిమితీయ గ్రాఫిక్స్‌లో లేబుళ్ళు అనగా కంప్యూటరులో నిర్మించిన త్రిమితీయ దృశ్యంలోని వస్తువులకు, ప్రదేశాలకు పేర్లు చూపే అక్షర పట్టీలు. పటాలు, ఆటలు, భవన నమూనాలు, సినిమాల దృశ్య ప్రభావాలలో వీటిని వాడుతారు. లేబులు ఎంత పరిమాణంలో, ఏ దిశగా, దేనికి ముందు కనబడాలో ప్రోగ్రాములోనే నిర్దేశించాలి. తెలుగు లేబుళ్ళకు వీటికంటే ముందు అక్షరాల కూర్పు అనే మరొక దశ ఉన్నది. అది తప్పితే, మిగిలినవన్నీ సరిగా ఉన్నా పేరు చదవడానికి వీలుపడదు.

తెలుగు చలనచిత్ర పరిశ్రమకు కేంద్రమైన హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల త్రిమితీయ పటాన్ని ఇందుకు ఉదాహరణగా తీసుకొనవచ్చును. రాతి గుట్టలతో ఎగుడుదిగుడుగా ఉండే ఈ ప్రాంతంలో స్టూడియోలు, ఫిలిం ఛాంబర్, కె.బి.ఆర్. జాతీయ ఉద్యానవనం వంటి గుర్తించవలసిన స్థలాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి.

పరిమాణం

దృశ్యంలోని ఇతర వస్తువుల వలెనే లేబులు కూడా దూరమయ్యేకొద్దీ చిన్నదవుతుంది. తెరపై ఎల్లప్పుడూ ఒకే పరిమాణంలో కనబడాలంటే దూరాన్ని బట్టి దాని ఎత్తును పెంచాలి. అందుకు సూత్రం:

ఎత్తు = 2 × దూరం × టాన్ (దృష్టికోణం ÷ 2) × కావలసిన పిక్సెళ్ళు ÷ తెర ఎత్తు

ఉదాహరణకు తెర ఎత్తు 1080 పిక్సెళ్ళు, నిలువు దృష్టికోణం 60 డిగ్రీలు అయినపుడు, 100 మీటర్ల దూరంలోని లేబులు 20 పిక్సెళ్ళ ఎత్తున కనబడాలంటే దాని అసలు ఎత్తు సుమారు 2.14 మీటర్లు ఉండాలి. 1000 మీటర్ల దూరంలో అది 21.4 మీటర్లు అవుతుంది. స్థలం యొక్క తెర నిరూపకాలను లెక్కించి, లేబులును నేరుగా తెరపైనే గీయడం మరొక పద్ధతి.

దిశ

లేబులు ఎల్లప్పుడూ కెమెరా వైపే తిరిగి ఉండేటట్లు చేయడాన్ని బిల్‌బోర్డింగ్ అంటారు. అన్ని అక్షాల చుట్టూ తిరిగే లేబులు పైనుండి చూసినా చదవడానికి అనువుగా ఉంటుంది. నిలువు అక్షం చుట్టూ మాత్రమే తిరిగేది నేలపై పాతిన బోర్డు వలె సహజంగా కనబడుతుంది, కాని పైనుండి చూస్తే సన్నని గీతగా మారిపోతుంది.

మరుగు

లోతు పరీక్ష అమలులో ఉంటే గుట్ట వెనుకనున్న స్టూడియో పేరు గుట్ట చాటుకు పోతుంది. ఆ పరీక్షను ఆపివేసి లేబుళ్ళను చివరగా గీస్తే అన్నీ కనబడతాయి గాని, ఏది ముందున్నదో, ఏది వెనుకనున్నదో తెలియదు. మరుగున ఉన్నవాటిని మసకగా చూపడం మధ్యేమార్గం. రెండు లేబుళ్ళు ఒకదానిపై ఒకటి పడినపుడు ప్రాముఖ్యతను బట్టి ఒకదానిని తొలగిస్తారు.

అక్షరాల కూర్పు

1992లో వెలువడిన ఓపెన్‌జీఎల్‌లో ఫాంట్లతో అక్షరాలు గీసే సౌకర్యం స్వతహాగా లేదు. దానితో వాడే గ్లట్ లైబ్రరీలోని అక్షరాలలో తెలుగు లేదు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడినప్పటికీ, సంయుక్తాక్షరాలకు విడి స్థానాలు లేవు. "జూబ్లీహిల్స్" అనే మాటలో 12 సంకేతాలు ఉన్నాయి, కాని కంటికి కనబడేవి జూ, బ్లీ, హి, ల్స్ అనే 4 అక్షరాలే. ఒక్కొక్క సంకేతాన్ని విడిగా గీసే ప్రోగ్రాములో వత్తులు, గుణింతాలు తెగిపోతాయి. కావున హార్ఫ్‌బజ్ వంటి కూర్పు లైబ్రరీ ద్వారా ముందుగా మాటను కూర్చి, ఆ తరువాతనే ఆకృతులను దృశ్యంలో ఉంచాలి.

"ఫిల్మ్‌నగర్" వంటి పేరులో మరొక చిక్కు ఉన్నది. పొల్లు తరువాత జీరో విడ్త్ నాన్-జాయినర్ అనే కంటికి కనబడని సంకేతం లేకపోతే "న" వత్తుగా మారి "ఫిల్మ్నగర్" అవుతుంది. అనవసరమని భావించి ప్రోగ్రాము ఈ సంకేతాన్ని తొలగించరాదు. అదే విధంగా వత్తులు కిందికి దిగుతాయి కనుక, లేబులు వెనుక పలక ఎత్తును ఇంగ్లీషు అక్షరాల కొలతతో నిర్ణయిస్తే అవి పలక దాటిపోతాయి.

సినిమా రంగంలో

సినిమా పేరులోని అక్షరాలు ఒక్కొక్కటిగా తెరపైకి వచ్చే దృశ్యాలలోనూ ఇదే సమస్య ఎదురవుతుంది. విభజన సంకేతాలవారీగా కాక అక్షరాలవారీగా జరగాలి. యూనికోడ్ సాధారణ విభజన నియమాలు "బ్లీ" వంటి తెలుగు సంయుక్తాక్షరాలను ఒకే అక్షరంగా పరిగణించడం 2023లో వెలువడిన 15.1 సంచికతో మొదలైనది. అంతకు ముందరి నియమాలను పాటించే సాఫ్ట్‌వేరు "బ్", "లీ" అని రెండుగా విడదీస్తుంది.

నటుల వెనుక ఎల్‌ఈడీ తెరలపై త్రిమితీయ దృశ్యాన్ని చూపుతూ చిత్రీకరించే వర్చువల్ ప్రొడక్షన్‌లో, దృశ్యంలోని తెలుగు దుకాణపు బోర్డులు నేరుగా కెమెరాలో నమోదవుతాయి. కనుక బోర్డులపై అక్షరాలను చిత్రీకరణకు ముందే సరిచూడవలసి ఉంటుంది.