ఆమె జీతానికి ఆయన శ్లాబు

‘ఈఏడీ వచ్చిందిగా, ఇంకేం, ఉద్యోగం చూసుకో’ అంటారు ఊళ్లోవాళ్లు ఫోన్లో. చూసుకుందనే అనుకుందాం. అమెరికాలో డాలస్ శివారు ఫ్రిస్కోలో కాపురం, ఒక చంటిపాప. ఆయన జీతం ఏడాదికి 1,50,000 డాలర్లు. కుటుంబ సభ్యులకిచ్చే హెచ్4 వీసాపై ఉన్న కొందరికి 2015 నుంచి దొరుకుతున్న ఈఏడీ అనే పని అనుమతితో ఆమెకూ 50,000 డాలర్ల ఉద్యోగం వచ్చింది.

2024 రేట్లతో లెక్కేద్దాం. ఒంటరి మనిషి 50,000 సంపాదిస్తే ఫెడరల్ పన్ను సుమారు 4,000 డాలర్లు. ఈమెది ఉమ్మడి రిటర్నులో ఆయన జీతం మీద పేరుస్తారు. మినహాయింపునూ, 10, 12 శాతం శ్లాబులనూ ఆయన జీతమే వాడేసుకుంది కాబట్టి, ఈమె మొదటి డాలరుకే 22 శాతం. మొత్తం 11,000. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్లకు ఇంకో 3,825. డేకేర్‌కు నెలకు 1,500 అనుకున్నా చేతికి మిగిలేది 17,000 పైచిలుకు. పాప సంరక్షణ కింద వచ్చే పన్ను రాయితీ మహా అయితే 600. కారు, పెట్రోలు ఇంకా లెక్కలోకి రాలేదు.

పోనీ విడివిడిగా రిటర్నులు వేస్తే? ఇద్దరిదీ కలిపి ఇంకా ఎక్కువే అవుతుంది. ఎందుకంటే పెళ్లి వల్ల ఆయనకు ఒరిగింది చిన్న మొత్తం కాదు: ఆమె ఇంట్లో ఉన్నంతకాలం ఆయన పన్నులో దాదాపు 8,850 తగ్గుతుంది. ఆమె గడప దాటగానే అందులో చాలా భాగం వెనక్కి పోతుంది. ఉద్యోగం చేయొద్దని ఎవరూ అనరు. రాత్రి భోజనాలయ్యాక ఎక్సెల్ షీటు తెరిస్తే చాలు.

అసలు ఈ ఉమ్మడి పద్ధతి ఆడవాళ్ల ఉద్యోగాల గురించి ఆలోచించి పెట్టింది కాదు. దంపతుల సంపాదన ఇద్దరిదీ అని చట్టం చెప్పే వాషింగ్టన్ వంటి రాష్ట్రాల్లో, భర్త ఆదాయాన్ని చెరిసగం చేసి చూపొచ్చని 1930లో అమెరికా సుప్రీంకోర్టు ఒప్పుకుంది. మిగతా రాష్ట్రాల మగవాళ్లకు కడుపు మండింది. కొన్ని రాష్ట్రాలైతే పన్ను తగ్గించుకోవడానికే ఆస్తి చట్టాలు మార్చుకున్నాయి. చివరికి 1948లో అమెరికా కాంగ్రెస్ ఆ సౌకర్యాన్ని దేశమంతటికీ ఇచ్చేసింది. జర్మనీలో 1958 నుంచీ ఇలాంటిదే. అక్కడ ఎక్కువ జీతగాడు మూడో పన్ను తరగతి, తక్కువ జీతగత్తె ఐదో తరగతి ఎంచుకుంటే, కోత ప్రతినెలా ఆమె పేస్లిప్పులోనే కనిపిస్తుంది. స్వీడన్ 1971లో ఎవరి జీతానికి వారికే పన్ను అంది. ఈ విషయంలో నా ఓటు స్వీడన్‌కే.

మన దేశానిదీ ఆ దారే. 2025-26 కొత్త విధానంలో భార్యాభర్తలు చెరో 12 లక్షలు సంపాదిస్తే పన్ను సున్నా. ఒక్కరే 24 లక్షలు తెస్తే సెస్సు, స్టాండర్డ్ డిడక్షన్ పక్కన పెడితే 3 లక్షలు. ఒక్క సంపాదన ఇళ్లకు ఇది అన్యాయమనే వాదన తేలిగ్గా తీసేయాల్సింది కాదు. ఇంట్లో ఆమె చేసేదీ పనే. 2025 బడ్జెట్‌కు ముందు చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ, కోరుకున్న దంపతులకు ఉమ్మడి రిటర్ను ఇవ్వాలని సూచించింది కూడా. పన్ను కట్టేంత ఆదాయమే లేని కూలీ ఇళ్లకు దీనితో పనిలేదు. ఇది హైటెక్ సిటీ జీతాల గొడవ.

ఆ 24 లక్షల ఇంట్లో ఇల్లాలికి 6 లక్షల ఉద్యోగం వచ్చిందనుకోండి. ఇవాళ ఆమె కట్టాల్సిన ఆదాయపు పన్ను సున్నా. ఇద్దరి జీతాలూ ఒకే రిటర్నులో కలిపితే ఆమె మొదటి రూపాయి ఆయన చివరి రూపాయి పక్కనే, అదే శ్లాబులోనో ఆ పైదానిలోనో పడుతుంది.