వీల్ స్పేసర్‌తో ఆఫ్‌సెట్ సరిచేయొచ్చా? బిగించే ముందు ఈ లెక్క చూడండి

కొత్త అల్లాయ్స్ వేయించారు. పార్కింగ్‌లో కారు చూస్తే లుక్ అదిరింది. రోడ్డెక్కాక మాత్రం లోపలి నుంచి ఒకటే గరగర. స్టీరింగ్ ఫుల్‌గా తిప్పినప్పుడు మాత్రమే సౌండ్ వస్తుంటే టైరు ఎక్కువగా లైనర్‌కి తగులుతుంటుంది. నిటారుగా వెళ్తున్నా ఆగకుండా వస్తుంటే టైరు లోపలి అంచు సస్పెన్షన్ స్ట్రట్‌కి రాసుకుంటోందేమో చూడాలి. షాపులో చెప్తే వచ్చే మొదటి సమాధానం మనకి తెలిసిందే: “ఏం కాదన్నా, స్పేసర్ వేసేద్దాం.”

ఆ సలహా కరెక్టే కావచ్చు, ప్రమాదం కూడా కావచ్చు. ఏది అన్నది తేల్చేది ఒక్క అంకె. అదే ఆఫ్‌సెట్.

రిమ్‌ని వెడల్పులో సరిగ్గా సగానికి కోసినట్టు ఊహించుకోండి. ఆ మధ్యగీతకీ, రిమ్ వెళ్లి హబ్‌కి ఆనే ముఖానికీ మధ్య దూరమే ఆఫ్‌సెట్. మిల్లీమీటర్లలో చెప్తారు. రిమ్ మీద ఈటీ 45, ఈటీ 38 అని పోతపోసి కనిపించేది ఇదే (ఈటీ అన్నది ఒక జర్మన్ మాటకి పొట్టి రూపం). చాలామంది తికమకపడేది ఇక్కడే: అంకె పెరిగితే చక్రం లోపలికి పోతుంది, తగ్గితే బయటికి వస్తుంది.

స్పేసర్ అంటే హబ్‌కీ రిమ్‌కీ మధ్య పెట్టే లోహపు బిళ్ల, సాధారణంగా అల్యూమినియంది. దాని మందం ఎంతో ఈటీ అంత తగ్గుతుంది. ఈటీ 50 రిమ్‌కి 10 మి.మీ. స్పేసర్ వేస్తే అది ఈటీ 40 రిమ్‌లా కూర్చుంటుంది. అంటే స్పేసర్ ఈటీని తగ్గించగలదు తప్ప పెంచలేదు. మీ రిమ్ ఇప్పటికే ఫెండర్ దాటి బయటికి వచ్చి ఉంటే స్పేసర్ వల్ల లాభం లేదు. అక్కడ కూడా “స్పేసర్ వేద్దాం” అనే షాపు దొరికితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఇప్పుడు అసలు లెక్క. కంపెనీ ఇచ్చిన రిమ్ వెడల్పు 5.5 అంగుళాలు, ఈటీ 45 అనుకుందాం. మీరు కొన్నది 6.5 అంగుళాలు, ఈటీ 53. వెడల్పు ఒక అంగుళం, అంటే 25.4 మి.మీ. పెరిగింది. అందులో సగం, 12.7 మి.మీ., లోపలి వైపుకి వెళ్లింది. ఈటీ తేడా 8 మి.మీ. కూడా లోపలికే. మొత్తం మీద రిమ్ స్ట్రట్‌కి 20.7 మి.మీ. దగ్గరైంది, బయటికి మాత్రం 4.7 మి.మీ. మాత్రమే వచ్చింది. గరగర రాక ఏమవుతుంది! ఇక్కడ 8 మి.మీ. స్పేసర్ వేస్తే ఈటీ మళ్లీ 45. పెరిగిన వెడల్పు రెండు వైపులా సమానంగా 12.7 చొప్పున పంచుకుంటుంది. చక్రం మధ్యగీత కంపెనీ పెట్టిన చోటికే వస్తుంది.

నా దృష్టిలో స్పేసర్‌కి న్యాయమైన ఉద్యోగం ఇదొక్కటే. “స్పేసర్ వేస్తే బేరింగులు పోతాయి” అన్న మాట ఈ కేసుకి వర్తించదు, ఎందుకంటే బరువు పడే గీత మారలేదు. అదే స్టాక్ రిమ్‌కి లుక్ కోసం 20 మి.మీ. స్పేసర్ వేస్తే సీన్ వేరు. బరువు హబ్ నుంచి 20 మి.మీ. దూరం జరుగుతుంది, మలుపుల్లో బేరింగ్ మీద పడే మెలి పెరుగుతుంది.

బేరింగ్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది స్టీరింగ్. ముందు చక్రం ఒక ఊహా అక్షం చుట్టూ తిరుగుతుంది. ఆ అక్షం నేలని తాకే చోటుకీ, టైరు నేల మీద ఆనే మధ్య బిందువుకీ ఉన్న దూరాన్ని స్క్రబ్ రేడియస్ అంటారు. 1972లో వచ్చిన ఆడి 80లో ఇది నెగెటివ్‌గా ఉండేది. ఒక చక్రం పొడి రోడ్డు మీద, ఇంకోటి తడి మీద ఉండగా బ్రేక్ కొడితే కారు పక్కకి లాక్కెళ్లకుండా స్టీరింగ్ తనంతట తానే కొంత సర్దుకునేది. ఆ తర్వాత చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు ఇదే దారి పట్టాయి. మీరు వేసే ప్రతి మిల్లీమీటర్ స్పేసర్ ఆ దూరాన్ని దాదాపు అంతే మేర బయటికి జరుపుతుంది. కంపెనీ ఈటీకి తిరిగి వచ్చేవరకు అది రిపేరు, దాటితే ఇంజనీర్ల పనిని చెరిపేయడం.

లెక్క కుదిరినా బిగింపు కుదరాలి. చక్రాన్ని పట్టి ఉంచేది స్టడ్‌ల బలం ఒక్కటే కాదు. నట్లు బిగిసినప్పుడు హబ్, రిమ్ ముఖాలు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుని పుట్టే రాపిడి. స్పేసర్ పెడితే ఒక జాయింట్ ఉన్నచోట రెండవుతాయి. ఫోన్‌కి డాంగిల్ తగిలించినట్టే: పని చేస్తుంది, కానీ లూజయ్యే చోటు ఒకటి పెరిగింది. అందుకే హబ్ మీద తుప్పు వైర్ బ్రష్‌తో శుభ్రంగా గీకాలి. టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించి, 50 నుంచి 100 కి.మీ. తిరిగాక మళ్లీ చెక్ చేయాలి. కాలితో తొక్కి బిగించడం టార్క్ కాదు బ్రో.

స్టడ్ పొడవు ఇంకో తలనొప్పి. 8 మి.మీ. స్పేసర్ అంటే నట్‌కి దొరికే మరల్లో 8 మి.మీ. పోయినట్టే. 12 మి.మీ. స్టడ్ అయితే నట్ కనీసం 12 మి.మీ. మేర మరలో దిగాలని మెకానిక్‌లు పాటించే లెక్క. దిగకపోతే పొడవాటి స్టడ్‌లు వేయించాల్సిందే. సొంత స్టడ్‌లతో వచ్చే బోల్ట్ ఆన్ స్పేసర్లు ఉన్నాయి కానీ అవి మామూలుగా 15, 20 మి.మీ. నుంచే మొదలవుతాయి. మన 8 మి.మీ. కేసు సరిగ్గా మధ్యలో ఇరుక్కుంటుంది. ఆ ఖర్చు చూశాక రిమ్ మార్చుకోవడమే మేలు అనిపిస్తే మీ తప్పేం లేదు.

స్పేసర్ మధ్య రంధ్రం కూడా హబ్‌కి సరిగ్గా సరిపోవాలి. స్విఫ్ట్‌కి 54.1 మి.మీ., పోలోకి 57.1. “అన్నిటికీ పడుతుంది” అని అమ్మే స్లాట్లున్న యూనివర్సల్ బిళ్లలు కొనకండి. చక్రం కొంచెం పక్కకి కూర్చుంటే హైవే మీద స్టీరింగ్ వణకడం మొదలవుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలో ఉన్న వివరాలకి, కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చే మార్పులు ఒప్పుకోదు. ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే రాతపూర్వకంగా చెప్పి, జవాబు దాచుకోండి.

చివరగా పోలో లాంటి కార్లున్నవాళ్లకి. వీటికి స్టడ్, నట్ ఉండవు, బోల్టులే. స్పేసర్ మందం ఎంతో బోల్ట్ అంత పొడవుది వేయాలి. పంక్చరై, స్పేసర్ తీసేసి స్టెప్నీని అదే పొడవు బోల్టులతో బిగిస్తే, వాటి కొస వెనక్కి పొడుచుకొచ్చి బ్రేక్ భాగాలకి తగలొచ్చు. పాత బోల్టుల సెట్‌ని డిక్కీలో స్టెప్నీ పక్కనే పడేసి ఉంచండి.