ట్యాంకు చెప్పే వయసు

ఒకప్పుడు పెళ్లి ఊరేగింపుల్లో నెత్తిన పెట్టుకుని మోసిన దీపాన్ని మనవాళ్లు గ్యాస్ లైటన్నారు, పెట్రోమాక్సన్నారు. మండేది మాత్రం కిరసనాయిలే. పెట్రోమాక్స్ అన్నది బెర్లిన్‌లోని ఎరిష్ అండ్ గ్రెట్స్ కంపెనీ 1910 ప్రాంతంలో తెచ్చిన బ్రాండు. ఎవరు చేసిన దీపానికైనా అదే పేరు అంటుకుపోవడంతో, అటక మీంచి దిగిన ప్రతి ఇత్తడి దీపమూ ఇవాళ ‘వందేళ్ల నాటి జర్మన్ పెట్రోమాక్స్’ అయి కూర్చుంటోంది. దీపం వయసు తేల్చాల్సింది పేరు కాదు, పాతబడిన రంగూ కాదు. ట్యాంకు మీది ముద్ర. ఆ ముద్ర అయినా చాలాసార్లు ‘ఫలానా ఏడాదిది’ అనదు, ‘ఫలానా ఏడాదికి ముందుది కాదు’ అని మాత్రమే అంటుంది.

829, 500 అని అంకెలున్న పెట్రోమాక్స్‌నే చూద్దాం. 829 మోడల్ నంబరు, 500 కొవ్వొత్తుల లెక్కలో వెలుతురు. రెండింటికీ ఏడాదితో సంబంధం లేదు. ‘మేడిన్ జర్మనీ’ అన్న మాటా వయసు చెప్పదు. సరుకు మీద దేశం పేరు వేయడం 1887 నాటి బ్రిటిష్ చట్టంతో ఊపందుకుని, ఆ తర్వాత ఆగింది లేదు. పనికొచ్చేవి చిన్న అక్షరాలు. డి.ఆర్.పి. అంటే జర్మన్ రైక్ కాలపు పేటెంటు. డి.బి.పి. అని ఉంటే 1949లో పశ్చిమ జర్మనీ ఏర్పడ్డాక వచ్చింది. మొదటిదాన్ని చూసి రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదని తీర్మానిస్తే తొందరపాటే: పాత అచ్చునే వాడుకుంటే పాత ముద్రే పడుతుంది. రెండోదాన్ని చూసి 1949కి ముందుది కాదనడం మాత్రం గట్టి మాట.

అమెరికా కోల్‌మన్ దీపాల్లో చాలావాటికి అడుగునే నెల, ఏడాది ఉంటాయి కదా, ఇంత తర్కం దేనికని అడగొచ్చు. నిజమే, అక్కడ 8, 62 అని కనిపిస్తే 1962 ఆగస్టు. కానీ అది ట్యాంకు పుట్టిన తేదీ, దీపం మొత్తానిది కాదు. పంపు కొడితే ట్యాంకులో గాలి బిగుసుకుని నూనెను గొట్టంలోకి ఎక్కిస్తుంది. వేడికి అది ఆవిరై, సన్నని రంధ్రంలోంచి దూసుకొచ్చి మాంటిల్ అనే గుడ్డ గూడులో మండుతుంది. ఈ దారిలో ఉన్నవన్నీ అరిగేవే. గొట్టానికి మసి పడుతుంది, నాజిల్ రంధ్రం పెద్దదవుతుంది, పంపులోని తోలు వాషర్ ఎండిపోతుంది, గాజు పగులుతుంది. మాంటిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు, మొదటిసారి వెలిగించగానే గుడ్డ కాలి బూడిద గూడు మిగులుతుంది. కాబట్టి ఎక్కువ వాడిన దీపంలో ట్యాంకు ఒక కాలానిది, పైభాగం ఇంకో కాలానిది కావడమే సహజం.

ఇత్తడికి పట్టిన చిలుము అబద్ధమాడదని మరో వాదన. సముద్రపు ఉప్పుగాలిలో ఉంచిన దీపం, పొడి ఊళ్లో గుడ్డ కప్పిన దీపం ఒకే ఏడాదివైనా ఒకేలా ఉండవు. చిలుము దీపం ఎక్కడ ఉందో చెబుతుంది గానీ ఎన్నేళ్లుందో చెప్పదు. చింతపండు పెట్టి తోమితే అదీ పోతుంది, గట్టిగా తోమితే లోతు లేని ముద్రా అరిగిపోతుంది. అందుకే ముందు ఏటవాలు వెలుతురులో ముద్ర చదవాలి, ప్రతి భాగానికీ విడిగా లెక్క కట్టాలి, తోమడం ఆ తర్వాతే. ‘ట్యాంకు 1949 తర్వాతది, గాజు కొత్తది’ అన్న చీటీ ‘వందేళ్లనాటిది’ అన్నంత గొప్పగా వినిపించకపోవచ్చు. అయితే ఆ చీటీలోని ప్రతి మాటనూ దీపం మీదే వేలు పెట్టి చూపించవచ్చు.