మీకు తెలుసా? చిలక నోటికి మిరపకాయ కారం కాదు!

మనకు కళ్లనీళ్లు తెప్పించే పచ్చిమిర్చి, పక్షుల నోటికి కారంగానే ఉండదు.

● మిరపలోని క్యాప్సైసిన్‌ను మన నరాల్లోని ఒక గ్రాహకం మంటగా గుర్తిస్తుంది. 2021లో నోబెల్ అందుకున్న డేవిడ్ జూలియస్, సహచరుడితో కలిసి 2002లో కోడిలోని అదే గ్రాహకాన్ని పరీక్షించారు. అది వేడికి స్పందించింది, క్యాప్సైసిన్‌కు మాత్రం స్పందించలేదు.

● దీనివల్ల లాభం మొక్కకే. ఎలుకల్లాంటి జంతువులు గింజల్ని నమిలి పాడుచేస్తాయి. కాయను మింగే పక్షులు గింజల్ని రెట్టతో పాటు దూరంగా వదులుతాయి, అవి అక్కడ మొలకెత్తుతాయి.

● పక్షులకు కారం తెలియదు కాబట్టి ద్రాక్షారామం లాంటి ఊళ్లలో పెంపుడు చిలకలైన బడ్జీలనో కాక్‌టీల్‌లనో పెంచేవారు పెరట్లో ఒక మిరప మొక్క వేసుకోవచ్చు. పక్కనే కాస్త కొత్తిమీర, తోటకూర చల్లుకుంటే చాలు. పురుగుమందు మాత్రం కొట్టకూడదు. మిరపలో కాయే పెట్టాలి, ఆకులూ కాడలూ వద్దు. గోదావరి జిల్లాల్లో పిచ్చుకల కోసం చూరుకు కట్టే వరి కంకులు పంజరంలోని పిట్టలకూ ఇష్టమైన మేతే.

● అవకాడో మాత్రం దరిచేరనివ్వకండి. దాని కాయలోనూ ఆకులోనూ ఉండే పెర్సిన్ పక్షుల ప్రాణం తీయగలదు.

● ఇక మన రామచిలకను పంజరంలో పెడితే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెరటి మిరప చెట్టు మీద వాలితే దానికి ఏ చట్టమూ అడ్డు రాదు!