దత్తమైన సీమ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములను పూర్వము దత్తమండలములలోనివిగా వ్యవహరించెడివారు. దత్తమనగా ఈయబడినది. ఇచ్చినవా రెవరు? పుచ్చుకొన్నవా రెవరు? ఆ నేల దున్నువారి నెవరైన నడిగిరా?

కడప నవాబు నోడించి 1779లో హైదరాలీ ఆ రాజ్యమును గైకొనెను. 1792లో శ్రీరంగపట్నపు సంధివలన కడపసీమ టిప్పు చేతినుండి నిజాముకు సంక్రమించెను. 1800 అక్టోబరు 12వ తేదీ సంధితో నిజాము, తన రక్షణకై నిలిపిన కుంపిణీ సైన్యపు వ్యయమునకు బదులుగా, మైసూరు యుద్ధములలో తనకు లభించిన భూములను కుంపిణీకి ధారపోసెను. ఇరువదియొక్క ఏండ్లలో ప్రభుత్వము మూడుమార్లు మారెను!

ఈ చివరి సంధిలోని చమత్కారము విద్యార్థులు గమనింపదగినది. సైన్యము కుంపిణీ యాజ్ఞకు లోబడినదే; దానిని పోషించు భూమియు కుంపిణీదే యయ్యెను. నిజాముకు మిగిలినది రక్షణ యను మాట.

అయినను సంతకముతోనే సీమ స్వాధీనము కాలేదు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన టామస్ మన్రో సుమారు ఎనుబదిమంది పాలెగాండ్రను ఎదుర్కొనవలసి వచ్చెను. వారి నణచుటకు సైన్యము కదలెను. సంధిలో పాలుగొననివారు దానికి కట్టుబడుదురా?

1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావు సూచించిన ‘రాయలసీమ’ యను పేరు దత్తమను మాటను తొలగించెను. 1937 నవంబరు 16న మద్రాసులోని శ్రీబాగ్‌లో కోస్తా నాయకులతో నొడంబడిక జరిగినపుడు కడప కోటిరెడ్డి మొదలగు సీమ నాయకులు స్వయముగా సంతకములు చేసిరి. 1800 నాటి పత్రమున సీమవారి కట్టి చోటు లేదు.