అవ్వ పేరు, పాప పేరు



బిడ్డ పుట్టిన ఇంట్లో బంధువులు అడిగే మొదటి ప్రశ్న "ఆడబిడ్డా, మగబిడ్డా?" అని. రెండవ ప్రశ్న "ఏం పేరు పెడుతున్నారు?" అని. ఈ రెండవ ప్రశ్నను గురించి, ముఖ్యంగా మన పాత పేర్లను గురించి, ఈ పూట నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేనుండేది బెంగళూరు తూర్పున మహదేవపురలో. కృష్ణరాజపురం దగ్గర పాత మద్రాసు రోడ్డు ఎక్కితే హొసకోట, కోలారు, ముళబాగిలు దాటి చిత్తూరు జిల్లా చేరుకుంటాము. ఈ దారి పొడవునా ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మాదీ అటువంటి కుటుంబమే.

పదిహేనేళ్ళ కిందటి సంగతి. తరగతిలో హాజరు పిలుస్తూ "మునియప్ప" అన్నాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కుర్రవాడు పదవ తరగతి పరీక్షకు ముందే అఫిడవిట్టు ఇచ్చి పేరు మార్పించుకున్నాడు. అది వాళ్ళ తాత పేరట. ఆయన బడికి వచ్చి, "నా పేరు మీకంత నగుబాటుగా ఉందా అయివారూ?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆ తరువాతే ఈ పేర్ల సంగతి ఆలోచించడం మొదలుపెట్టాను. మునేశ్వరునికి మొక్కుకున్న ఇళ్ళలో మునియప్ప, మునెమ్మ ఉంటారు. తిరుమల వెంకన్నను కన్నడిగులు తిమ్మప్ప అంటారు. తిమ్మయ్య, తిమ్మక్క ఆ పేరు నుంచి వచ్చినవారే. కదిరి నరసింహస్వామిని కొలిచేవారు కదిరప్ప అని, అహోబలస్వామిని కొలిచేవారు ఓబులేసు అని పెట్టుకున్నారు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, ఈ బిడ్డకైనా దిష్టి తగలకూడదని పెంటయ్య అనో, భిక్షమయ్య అనో పిలుచుకుంది. మనం మోటుగా ఉందని నవ్వే పేరు వెనుక ఒక మొక్కో, ఒక తల్లి కన్నీరో ఉంటుందన్నమాట. రోడ్డు పక్కన మర్రిచెట్లు పెంచిన సాలుమరద తిమ్మక్కకు 2019లో పద్మశ్రీ ఇచ్చినప్పుడు ఆ పేరు విని ఎవరూ నవ్వలేదు కదా!

తాత పేరు మనవడికి పెట్టడం మన ఆచారం. కోడలు మామగారి పేరు ఎత్తకూడదు గనుక, ఇంట్లో పిలవడానికి బుజ్జి అనో, చిన్నప్ప అనో ఇంకొక పేరు ఉండేది. ఐర్లండు దేశంలో కూడా పెద్దకొడుకుకు తండ్రి తండ్రి పేరు, రెండవవాడికి తల్లి తండ్రి పేరు పెట్టే వాడుక ఉండేది. వాళ్ళ పాత పేర్లతో ఒక చిక్కు ఉంది. నీవ్ అనే ఆడపిల్ల పేరును వాళ్ళు రాసే తీరు చూస్తే, తెలియనివారు నియామ్ అని చదువుతారు. అయినా ఆ పేరును వాళ్ళు వదులుకోలేదు.

మనకూ అటువంటి చిక్కు ఉంది. తెలుగు నుంచి కన్నడానికి పేరు దాదాపు మారకుండానే వెళుతుంది. ఇంగ్లీషులో మాత్రం రమకూ, రామకూ తేడా పోతుంది. సుజాతలోని 'త'కు మనం టీ, హెచ్ రాస్తాము. ఉత్తరాదివారు దాన్ని 'థ' అని చదువుతారు. పైగా ఆంధ్రలో పేరుకు ముందు ఇంటిపేరు ఉంటుంది. కర్ణాటకలో చాలామందికి తండ్రి పేరులోనిదో, ఊరి పేరులోనిదో మొదటి అక్షరం ఉంటుంది. ఒక కాగితంలో ఒక పద్ధతి, ఇంకొక కాగితంలో మరొక పద్ధతి అయితే, పాస్‌పోర్టు దగ్గర ఇబ్బంది తప్పదు.

అందుచేత పేరు అనుకున్నాక గట్టిగా పిలిచి చూడండి. మూడు లిపులలోనూ రాసి చూడండి. ఇంటిపేరు రాయాలో, ఇనిషియల్ రాయాలో ముందే తేల్చుకోండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం పుట్టుకను 21 రోజులలో తెలపాలి. అప్పటికి పేరు కుదరకపోయినా కంగారు లేదు; 12 నెలల దాకా రుసుము లేకుండా చేర్పించవచ్చు, ఆ తరువాత 15 ఏళ్ళ దాకా రుసుము కట్టి చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ఆధారం. కాబట్టి అందులో పేరు సరిగా పడడం మరీ ముఖ్యం.

ఈ మధ్య మా చెల్లెలికి ఆడబిడ్డ పుట్టింది. మా అవ్వ గంగమ్మ పేరు పెట్టాలని అమ్మ పట్టు. బడిలో పిల్లలు నవ్వుతారని చెల్లెలి భయం. ఆ భయం ఉత్తదని నేనెలా అనగలను? ఒకప్పుడు నవ్వినవాణ్ణే కదా. నెల రోజులు మాట్లాడుకున్నాక ధ్రువపత్రంలో 'గంగ' అని రాయించారు. అమ్మ మాత్రం ఉయ్యాల దగ్గర "గంగమ్మా" అనే పిలుస్తుంది.

పాత పేరు పెట్టాలా, కొత్త పేరు పెట్టాలా అన్నది తల్లిదండ్రుల ఇష్టం. కానీ వద్దనుకునే ముందు ఆ పేరు ఎక్కడిదో ఇంట్లో పెద్దవారిని ఒక్కసారి అడగండి. తోటి ఉపాధ్యాయులకు కూడా ఒక మనవి: హాజరు పట్టీలో ఏ పేరు వచ్చినా నిండుగా, గౌరవంగా పిలవండి.