ఆయిల్ కారితే తప్పంతా సీలుదేనా?

కిందటి చెరుకు సీజనులో మా ట్రాక్టరు కింద రోజూ పొద్దున అరచేతి వెడల్పు నల్లమరక కనబడేది. ఇంజను వెనక ఆయిల్ సీలు పోయిందన్నారు. ఆ సీలు చేతికి అందాలంటే ట్రాక్టరును ఇంజను దగ్గర రెండుగా విడదీయాలి. క్లచ్, ఫ్లైవీలు ఊడదీయాలి. సీలు ధర కొంచెం, కూలి బోలెడు. అంతా చేయించి పదిహేను రోజులు కాలేదు, మళ్ళీ మరక!

మాకిది చిన్న సంగతి కాదు. 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, అదే మన బోధన్ శక్కర్‌నగర్ మిల్లు, 2015లో మూతబడింది. అప్పట్నుంచి చెరుకును కామారెడ్డి వైపు దూరం మోయాలి. కారిన ఆయిల్ క్లచ్ ప్లేటుకు అంటితే క్లచ్ జారి, నిండు లోడుతో బండి ముందుకు పోదు. కోసిన చెరుకేమో ఎండినకొద్దీ తూకమూ తగ్గుతుంది, తీపీ తగ్గుతుంది.

ఇంతకూ ఆయిల్ సీలంటే ఏమిటి? ఇనుప చట్రానికి అతికించిన రబ్బరు కడియం. దాని లోపలి అంచు పెదవిలా తిరిగే షాఫ్టును పట్టుకొని ఉంటుంది. చాలావాటిలో పెదవి చుట్టూ సన్నని స్ప్రింగు కూడా ఉంటుంది. పెదవికీ షాఫ్టుకీ మధ్య వెంట్రుకకన్నా పలుచని ఆయిల్ పొర నిలుస్తుంది. అది లేకుంటే రబ్బరు మాడిపోతుంది. జర్మనీలో ఫ్రాయిడెన్‌బర్గ్ అనే తోళ్ళ కంపెనీ 1929 ప్రాంతంలో ఇలాంటి సీళ్ళను మొదట తోలుతోనే చేసింది. బోరింగు పంపులో తోలు వాషరు చూసినవాళ్ళకు ఇది వింతేం కాదు.

కారైనా, ట్రాక్టరైనా ఈ సీలు ఆయిల్‌ను ఆపుతుంది గాని ఒత్తిడిని ఆపలేదు. పిస్టను రింగుల సందుల్లోంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి దిగుతుంది. అది బయటికి పోవడానికే బ్రీదరు గొట్టం ఉంది.

రెండోసారి చూసిన నిజామాబాదు మిస్త్రి ముందు పానా ముట్టుకోలేదు. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీశాడు. బుస్సుమని గాలి తన్నింది. “సీలుది తప్పు కాదు పటేలా, దీనికి ఊపిరాడ్తలేదు” అన్నాడు మా బాపుతో. చూస్తే బ్రీదరు గొట్టంలో కందిరీగ మట్టిగూడు! లోపల నిండిన గ్యాసే ఆయిల్‌ను పెదవి సందులోంచి బయటికి తోసింది. గొట్టం కడిగాక కారడం ఆగింది. మొదటిసారే ఇది చూసి ఉంటే ఆ కూలి మిగిలేది.

బ్రీదరు బాగున్నా గాలి తంతుంటే రింగులు అరిగాయేమో చూపించాలి. సీలు మార్చక తప్పకపోతే షాఫ్టుమీద గోరు పెట్టి రాయాలి. గోరు గాడిలో పడితే కొత్త సీలూ నిలవదు. పెదవి గాడిమీద పడకుండా కొంచెం పక్కకు కూర్చోబెట్టాలి, లేదా షాఫ్టుకు పలుచని స్లీవు తొడగాలి. స్ప్రింగు వైపు ఆయిల్ ఉన్న దిక్కుకే ఉండాలి. పెదవికి ఆయిల్ రాసి, వంకర పోకుండా చుట్టూ సమంగా తట్టాలి.

సెలవులకు ఇంటికి పోయే మిత్రులారా, మీ ట్రాక్టరు కింద మరక కనబడితే, సీలు కొనేముందు ఆ గొట్టం ఒకసారి చూడండి.